సహాధ్యాయుల హాజరు పట్టీ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



కళాశాల మిత్రులు తరువాతి జీవితంలో ఒకరికొకరు ఎట్లా తోడుగా ఉండాలి అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పవలసిందని మన కార్యదర్శిగారు కోరినారు. మేము కళాశాల గడప తొక్కినవారము కాము. మెట్రిక్‌తో చదువు చాలించి, రైల్వేలో గుమాస్తాగా చేరినవారము. అయితే మాతో ఒకే బల్ల మీద కూర్చున్నవారిలో కొందరు కళాశాలలకు పోయి కూడా మమ్మల్ని విడువలేదు. ఆ చనువుతో ఇక్కడ నిలబడినాము.

మేము చదివినది చిక్కబళ్ళాపురంలో. బాగేపల్లి, చింతామణి పల్లెల పిల్లలు హాస్టలులో ఉండి మాతో చదివేవారు. ఆనాటికి ఈ మూడు ఊళ్ళూ కోలారు జిల్లాలోనివే. 2007లో చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయినది. మాకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. చింతామణి తాలూకా కైవారంలో నారాయణ తాతయ్యగారి తెలుగు కీర్తనలను భక్తితో పాడే మావారిలో తెలుగు అక్షరం చదవలేనివారు ఎందరో ఉన్నారు. మేమూ అట్టివారమే. ఉద్యోగంలో చేరిన తరువాత హిందూపురం స్టేషనులో పేరు పలకను చూచి, కన్నడ అక్షరాలతో పోల్చుకొని, ఒక్కొక్క తెలుగు అక్షరమే కూడబలుక్కున్నాము. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు కాబట్టి పెద్ద కష్టం కాలేదు.

మెట్రిక్ పరీక్ష తరువాత దారులు చీలినాయి. కొందరు బాగేపల్లి నేషనల్ కళాశాలలో చేరినారు. గౌరీబిదనూరు తాలూకా హొసూరులో పుట్టి, బెంగుళూరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయిన డాక్టర్ హెచ్. నరసింహయ్యగారి (1920–2005) వంటి మహనీయులు మావైపు పల్లెల చదువుకోసం పాటుపడినందుననే, బస్సు ఖర్చు లేని పిల్లవాడు కూడా ఇంటి అన్నం తిని డిగ్రీ చదవగలిగినాడు. కొందరు బెంగుళూరు పోయినారు. కొందరు సేద్యానికి తిరిగి పోయినారు.

మొదటి రోజులలో ఉత్తరాలు రాసుకొనేవారము. మాట తెలుగు, అక్షరం కన్నడం. తరువాత చేతిలోకి ఫోను వచ్చినది. తరగతివారమంతా ఒక వాట్సాప్ గుంపుగా చేరినాము. గృహప్రవేశం, బిడ్డ నామకరణం, ప్రమోషను, అమెరికాలో కొన్న కారు, ఇవన్నీ వచ్చేవి. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పంపేవారు. మాకూ సంతోషమే. క్షేమ సమాచారాలంటే ఇవే అనుకున్నాము.

చింతామణి వైపు మిత్రుడు ఒకడు, తరగతిలో అందరికంటె మాటకారి, ఆ గుంపులో మెల్లగా మాట తగ్గించినాడు. ఏడాదిన్నర పాటు ఒక్క ముక్క లేదు. “ఏమప్పా, యాడ దాంకున్నావు?” అని ఒకరు రాసినారు. జవాబు రాలేదు. పనిలో ఉంటాడులే అని ఊరుకున్నాము. ఊరుకున్నవారిలో మేమూ ఉన్నాము.

ఒక ఉగాదికి సెలవు దొరికినది. బాగేపల్లికి రైలు లేదు కదా, అక్కడి మిత్రుడు బస్సులో చింతామణికి వచ్చినాడు. మేము చిక్కబళ్ళాపురం నుంచి రైలులో పోయినాము. ఇద్దరమూ కలిసి వాని పల్లెకు నడిచినాము.

మా జిల్లా సంగతి ఎరుగనివారి కోసం ఒక మాట చెప్పాలి. ఏడాది పొడుగునా పారే ఏరు మాకు లేదు. చెరువు ఎండితే బోరే గతి. వెయ్యి అడుగులు దించినా తడి తగలని చోట్లు ఉన్నాయి. మా మిత్రుడు పట్టుపురుగుల కోసం మల్బరి తోట వేసినాడు. నాలుగు బోర్లు వేయించినాడు, నాలుగూ ఎండినాయి. అప్పు తీర్చడానికి భూమి అమ్మి, లగేజి ఆటోలో ఇతరుల టమాటా పెట్టెలు చింతామణి మార్కెట్టుకు తోలుతున్నాడు.

మేము అడిగినాము: “ఒక్క మాట చెప్పకూడదా?”

వాడు తల వంచుకొని అన్నాడు: “మీరంతా మంచి సుద్దులే రాస్తా ఉండారు కదరా. వాటి నడమ నాది యాడ రాసేది?”

ఆ మాట మాకు ఈనాటికీ చెవిలో ఉన్నది. మేమెవరమూ వానిని వెలివేయలేదు. కాని మా మంచి కబుర్లు అన్నీ చేరి, వాని కబురుకు చోటు లేకుండా చేసినాయి.

తిరుగు ప్రయాణంలో మాకు మరొకటి తోచినది. మా గుంపులో శుభవార్తలన్నీ ఇంగ్లీషులోనో, కన్నడంలోనో వస్తాయి. కష్టం మాత్రం అక్షరంలోకి రాదు. అది అమ్మతో మాటలాడిన భాషలోనే నోటికి వస్తుంది. మావారికి ఆ భాషలో రాత లేదు. కాబట్టి మా మిత్రుల కష్టం తెలియాలంటే చదివితే చాలదు, వాని గొంతు వినాలి.

గుమాస్తాకు తెలిసిన విద్య రిజిస్టరు రాయడమే. మేము ఒక నోటుబుక్కులో తరగతివారందరి పేర్లూ గళ్ళు గీసి రాసినాము. మూడు నెలలుగా ఎవరి మాట వినబడలేదో వారి ఎదుట చుక్క పెడతాము. చుక్క పడినవారికి దగ్గరలో ఉన్నవారు ఫోను చేయాలి, లేదా పోయి చూడాలి. డబ్బు ఇవ్వాలని నియమం లేదు. “బాగుండావా” అని అడిగి, జవాబు పూర్తిగా వినాలి. అంతే. ఏటా ఉగాది తరువాతి ఆదివారం మూడు ఊళ్ళలో ఒకచోట కూడుతాము. నిరుడు మా చింతామణి మిత్రుడే భోజనాల ఏర్పాటు చేసినాడు. వాని అప్పు ఇంకా తీరలేదు. కాని వాని పేరు ఎదుట చుక్క లేదు.

మా నంది కొండల పరిసరాలలో పుట్టిన నదులలో దక్షిణ పినాకిని తమిళదేశం వైపు పోతుంది. చిత్రావతీ, పాపఘ్నీ వేరు వేరు దారుల పోయి కూడా, కడప సీమలో పెన్నను కలుసుకొంటాయి. నదులకు పల్లం దారి చూపిస్తుంది. మనుష్యులకు ఎవరో ఒకరు పూనుకోవాలి.

ఈ సభలో డిగ్రీలు చదివినవారు, దూరదేశాలు చూచినవారు ఉన్నారు. మీకందరికీ తరగతి మిత్రులు ఉంటారు. ఈ పూట వేపపువ్వు, బెల్లం కలిపి తిన్నాము. మన క్షేమ సమాచారాలలో బెల్లం ఒక్కటే పంచుకొంటే, చేదు తిన్నవాడు ఒంటరివాడవుతాడు. ఇంటికి పోయిన తరువాత, చాలా కాలంగా మాట వినబడని ఒక్క మిత్రునికి ఫోను చేయండని మా మనవి.