ఒక పాత్రకు రెండు విద్యలు

నేటి ప్రసంగము ఒక ఆటను గూర్చినది. ఆట యనగానే పెద్దలు రేడియో కట్టివేయుదురేమో యని నాకు కొంచెము భయముగ నున్నది. కాని యీ ఆటలో వచ్చు చిక్కు మన యిండ్లలో వచ్చు చిక్కే. కనుక కాస్త ఓపికతో వినుడని ప్రార్థన.

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు మా మనుమడు బెంగుళూరునుండి ముగ్గురు మిత్రులతో వచ్చెను. తేరు చూచివచ్చిన రాత్రి నలుగురును మా వసారాలో బల్లచుట్టు చేరి, పాచికలు వేయుచుండిరి. జూదమనుకొని నేను కోపించితిని. "జూదము కాదు తాతా, కథ" అని వాడు నవ్వెను.

ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిద్దరు దానిని 1974లో అమెరికాలో వెలువరించిరి. ఒకడు సూత్రధారి. "ఇదిగో కొండగుహ, లోన మంట కనబడుచున్నది, ఏమి చేయుదురు?" అని యతడడుగును. తక్కినవారు తమతమ పాత్రల తరఫున బదులు చెప్పుదురు. కార్యము ఫలించునో లేదో సందేహమైనచోట పాచిక తీర్పు చెప్పును. మన బయలాటలో వేషగానికి మాటలు ముందే వచ్చియుండును; ఇందు అప్పటికప్పుడు కల్పించుకొనవలెను. గెలుపోటములు లేవు, అందరును ఒక జట్టు.

ప్రతి పాత్రకు ఒక వృత్తి యుండును. ఒకడు యోధుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు దేవతారాధకుడు, ఒకడు తాళములు విప్పు నేర్పరి. సాహసకార్యములు చేసినకొలది అనుభవాంకములు చేరి, పాత్ర మెట్టు మెట్టుగ పైకెక్కును. మా వానికి కత్తియు కావలెను, మంత్రమును కావలెను. "తాతా, మొదటినుండియే రెండు విద్యలు పెట్టుకొందునా?" అని యడిగెను. నియమములు చదివి చెప్పుమంటిని. మూడు త్రోవలు తేలినవి.

మొదటి త్రోవ, రెండును పుట్టుకతోనే చేపట్టుట. పాత నియమములలో మానవేతర జాతుల పాత్రలకే యీ వెసులుబాటు కలదు. సంపాదించిన అంకములను రెండు విద్యలకు సమముగ పంచవలెను. 1989 నాటి రెండవ కూర్పులో యోధుడు రెండవ మెట్టెక్కుటకు 2000 అంకములు, మాంత్రికునికి 2500 కావలెను. రెండును మోయువాడు 4000 సంపాదించినగాని యోధవిద్యలో రెండవ మెట్టెక్కడు. 5000 సంపాదించినగాని మంత్రవిద్యలో ఎక్కడు. చేతినిండ పని, నడక మాత్రము నిదానము.

రెండవ త్రోవ, ఒకటి విడిచి మరియొకటి పట్టుట. ఇది మానవపాత్రలకు. క్రొత్తవిద్య పాతవిద్య మెట్టును దాటువరకు పాతదానిని వాడరాదు. వాడినచో ఆ సందర్భమున రావలసిన ఫలము పోవును. ఇది వినగానే నాకు విశ్వామిత్రుడు తలపునకు వచ్చెను. రాజ్యము విడిచి తపస్సునకు కూర్చున్నను, రాజసమైన కోపము వచ్చినపుడెల్ల కూడబెట్టిన తపస్సు వ్యయమైపోయినది గదా! తుదకు బ్రహ్మర్షియైన పిదప, తాను విల్లు పట్టకయే, తనకు తెలిసిన అస్త్రములను రామునికి ఉపదేశించెను. పాతవిద్య పోలేదు, అదుపులోనికి వచ్చినది.

మూడవ త్రోవ, 2014 నాటి కూర్పులోనిది. ఒక్క విద్యతో మొదలిడి, తరువాత ఏ మెట్టుననైనను రెండవదానిని చేర్చుకొనవచ్చును. అందుకు రెండు విద్యలకును ముఖ్యమైన గుణములు కనీసము 13 చొప్పున ఉండవలెను. ఏది ముందన్నదియు ముఖ్యమే. యోధుడుగ మొదలిడినవానికి బరువైన కవచము ధరించు నేర్పు లభించును. మాంత్రికుడుగ మొదలిడి పిదప యోధవిద్య చేర్చుకొన్నవానికి అది లభింపదు. ఐదవ మెట్టున యోధుడు ఒక్క వ్రేటునకు బదులు రెండు వ్రేట్లు వేయగలడు. మాంత్రికునికి గొప్ప అగ్నిమంత్రము చేతికి వచ్చును. మూడు మెట్లిట, రెండు మెట్లట ఎక్కినవాడు ఐదు మెట్లెక్కియు రెంటికిని దూరమగును.

శ్రోతలారా, ఇచ్చట నాకు నా బాల్యము జ్ఞాపకము వచ్చెను. మాది నేతయిల్లు, కొంచెము చేను కూడ నుండెడిది. మా నాయన నన్ను ప్రొద్దున మగ్గముపై కూర్చుండబెట్టి, మధ్యాహ్నము చేనికి తోలెను. ఇరువదేండ్లు వచ్చినను నా గుడ్డ అంచు తిన్నగ రాలేదు. నేను పట్టిన గొర్రు సాలు తిన్నగ పోలేదు. మా అన్న మాత్రము ముందు మగ్గమును కడముట్ట నేర్చెను. వానకాలమున గుంట మగ్గములో చెమ్మ చేరి, పడుగునకు గంజి పెట్ట ఎండ లేక పని నిలిచినపుడు, ఆ దినములలో సేద్యము నేర్చెను. కరవు వచ్చిన యేట మా కుండలో గింజ నిలిపినది మా అన్న చేతులే. మా నాయనకు ప్రేమ తక్కువ కాదు. వరుస తెలియలేదు, అంతే.

మరియొక మాట. ఆటలో రెండవవిద్య చేర్చుకొనుటకు ముందు "జట్టులో ఇదివరకే ఆ విద్య యెవరికైన కలదా?" యని చూడవలెనట. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేతకారుల సహకారసంఘమును నెలకొల్పినపుడు చేసినదియు నదియే. అంతకు ముందు ఒంటరి నేతగాడు నేయుటయేగాక నూలు బేరము, గుడ్డ బేరము కూడ తానే నెగ్గవలసి యుండెను. సంఘము ఆ బేరముల భారమును తనపై వేసికొనెను. జట్టున్నచో ఒక్కడే అన్నియు కావలసిన పనిలేదు.

ఇదంతయు విని మా మనుమడు తన పాత్రను యోధునిగనే మొదలిడెను. వారి జట్టులో ఒక మాంత్రికుడు ఉండనే యుండెను. "ఐదవ మెట్టెక్కినపిదప, అప్పటికిని అక్కర తోచినచో, మంత్రపుస్తకము తెరచెదను" అనెను. నాకు సంతోషము కలిగినది.

ఆదోని ప్రత్తి బజారులో కుఱ్ఱవానిని నిలుపుదుమా, మగ్గమున కూర్చుండబెట్టుదుమా, చదువునకు పంపుదుమా, అన్నియు ఒక్కమారే చేయింతుమా యని మీలో పలువురు ఆలోచించుచుందురు. రెండు విద్యలు తప్పని నేననను. వానలు నమ్మరాని మన సీమలో ఒక్క విద్యపై నిలుచుటయు ప్రమాదమే. కాని ఏది ముందో, రెండవది ఎప్పుడో, ఎందులకో, ఆ మూడును మొదట వానితో కూర్చుండి మాటలాడుడు. మా నాయన నన్నడుగలేదు. మీరు మీ మనుమలను అడుగుడు.