గోడ మీద చర్చ
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం నిధితో సొంత భవనం కట్టాలా, వైద్య సహాయానికి ఉంచాలా అన్న విషయం మూడు సమావేశాలుగా నలుగుతూనే ఉంది. చెప్పినవారే చెబుతున్నారు. నేనీ రోజు ఏ పక్షమూ వహించను. చర్చించే పద్ధతి ఒకటి మీకు మనవి చేస్తాను.

బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యులు హోర్స్ట్ రిట్టెల్, మెల్విన్ వెబ్బర్ 1973లో ఒక వ్యాసం రాశారు. పదిమంది బతుకులతో ముడిపడిన సమస్యకు లెక్కకున్నట్టు ఒకే జవాబు ఉండదనీ, అసలు సమస్య ఏమిటన్నదే ఒక్కొక్కరికి ఒక్కో విధంగా కనబడుతుందనీ వారి వాదన. అంతకు ముందే, 1970లో, రిట్టెల్ వెర్నర్ కున్జ్‌తో కలిసి ఇటువంటి చర్చను ప్రశ్న, ప్రతిపాదన, వాదన అనే మూడు భాగాలుగా రాసే పద్ధతి రూపొందించారు. తరువాత జెఫ్ కాంక్లిన్ దానిని సభ జరుగుతుండగానే అందరి ఎదుటా పటంగా గీసే విధానంగా తీర్చిదిద్దారు. దాని పేరు డైలాగ్ మ్యాపింగ్.

కంప్యూటరు లేకపోయినా ఫరవాలేదు. గోడకు పెద్ద కాగితం అంటించి ముందు ప్రశ్న రాయాలి. దానికి ప్రతిపాదనలు, ఒక్కొక్క ప్రతిపాదనకు అనుకూల, ప్రతికూల వాదనలు గీతలతో కలపాలి. పేర్లు రాయనక్కరలేదు. రాసే వ్యక్తి తన అభిప్రాయం చెప్పకుండా, "మీ మాట సరిగా రాశానా?" అని చెప్పినవారినే అడగాలి. అదే మాట మళ్ళీ వస్తే కాగితం మీద చూపిస్తే చాలు.

కిందటి నెల ఎనిమిదిమందిమి ఇలా కూర్చున్నాం. అరగంట దాకా నోరు విప్పని ఒక సోదరి, కుటుంబ పింఛనుదారు, ఇలా అన్నారు: "ఆసుపత్రిలో ముందు డబ్బు కట్టమంటారు. రీయింబర్స్‌మెంటు ఎప్పటికో వస్తుంది. ఈలోగా మాకెవరు దిక్కు?"

అది భవనానికి అనుకూలమూ కాదు, ప్రతికూలమూ కాదు, వేరే ప్రశ్న. ప్రశ్నగానే రాశాం. దాని కింద కొత్త ప్రతిపాదన వచ్చింది: నిధిలో కొంత చేబదులుగా ఇచ్చి, బిల్లు మంజూరయ్యాక తిరిగి జమ చేసుకోవడం. వెంటనే ప్రతికూల వాదన కూడా వచ్చింది: బిల్లులో కోత పడితే లోటు ఎవరు భరించాలి?

తగవు తీరలేదు. అయితే దేనిమీద తగవో ఎనిమిదిమందికీ తెలిసింది. పటం తీర్మానం చేయదు, ఓటు వేయవలసింది మనమే.

ఆ కాగితం తెచ్చి ఈ హాలు గోడకు అంటించాను. భోజనాల తరువాత మొదటి మాట వెనుక వరుసల్లోని సోదరీమణులది కావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.