చవక డ్రోను కొనదగినదేనా?

కడచిన సంక్రాంతికి ముందు మా యింట ఒక వివాదము బయలుదేరినది. పదునాలుగేండ్ల మా మనుమడు డ్రోను కావలెనని పట్టుపట్టినాడు. మూడువేల రూపాయలలోపు దొరకుననియు, దానికి కెమెరా కూడ ఉండుననియు వాని వాదము. నాలుగు దినములలో విరిగి అటకకెక్కు వస్తువునకు డబ్బు దండుగ అని వాని తండ్రి వాదము. తీర్పు మాత్రము నన్ను చెప్పుమన్నారు. శ్రోతలలో పలువురి యిండ్లలోను ఈ తగవే నడచుచుండవచ్చును గనుక, నాకు తోచినది మనవి చేయుచున్నాను.

ముందుగా ఒక మాట. ఇంత చవకగా వచ్చు వస్తువు నిజముగా ఎగురునా అను సందేహము అక్కరలేదు. ఎగురును. నాలుగు రెక్కల యంత్రమును గాలిలో నిలుపుట ఒకప్పుడు మహాకష్టము. ఫ్రాన్సు దేశీయుడైన ఏమిషెన్ 1924 మే నెలలో అట్టి యంత్రమునెక్కి ఒక కిలోమీటరు చుట్టి వచ్చినాడు. నిలకడకొరకు దానికి మరికొన్ని చిన్న ప్రొపెల్లరులను తగిలించుకొనవలసి వచ్చినది. నేడు ఆ నిలకడను గోటియంత చిప్పు చూచుకొనుచున్నది. యంత్రము ఏ వైపు ఒరిగినదో అది క్షణమునకు వందలమార్లు కనిపెట్టి, ఆయా మోటారుల వేగమును సవరించును. సెల్‌ఫోనులలో కోట్లకొలది వాడుటచేత ఈ చిప్పు కారుచవక అయినది. రెక్కలలో రెండు గడియారపు ముల్లువలె, రెండు దానికి ఎదురుగా తిరుగును. అందుచేతనే డ్రోను తన చుట్టు తాను బొంగరమువలె తిరుగక నిలుచును.

మరి చవకదనము ఎక్కడ బయటపడును? మొదట బ్యాటరీలో. ఆరేడు నిమిషములు ఎగురును, తిరిగి చార్జి అగుటకు గంట వరకు పట్టును. పిదప గాలిలో. ఖరీదైన డ్రోనులు ఉపగ్రహ సంకేతముల సాయముతో తమ చోటు తామెరిగి నిలుచును. చవకవానిలో పెక్కింటికి ఆ తెలివి లేదు. చిరుగాలికే కొట్టుకొనిపోవును. అన్నిటికంటె అన్యాయము కెమెరాలో. పెట్టెపై వ్రాసిన గొప్ప అంకెలను నమ్మరాదు. కెమెరాను కదలక పట్టియుంచు అమరిక లేనిచో బొమ్మ వణకుచునే యుండును. ఊరిని పైనుండి ఫొటో తీయవలెనను కోరికతో ఈ వస్తువును కొనువారు తప్పక నిరాశపడుదురు. వారు ఆ సొమ్మును దాచి, మరికొంత కూడినపిదప ఆలోచించుట మేలు.

కాని నేర్చుకొనుటకైనచో నా తీర్పు వేరు. ఎద్దుబండి తోలువాడు బండిమీదనే కూర్చుండును. సైకిలు త్రొక్కువాడును అంతే. డ్రోను నడుపువాడు మాత్రము నేలమీద నిలిచి, తాను ఎక్కని వాహనమును నడుపవలెను. సాధారణముగా ఎడమ మీట ఎత్తును, ముఖము త్రిప్పుటను చూచును. కుడి మీట ముందువెనుకలకు, ప్రక్కలకు నడుపును. డ్రోను వీపు మనవైపున్నంత వరకు చిక్కులేదు. అది మనవైపు ముఖము త్రిప్పిన మరుక్షణము కుడి యెడమలు తారుమారగును! ఈ తికమకను తప్పించుటకు కొన్నిటిలో ఒక బొత్తామును పెట్టుచున్నారు. దానిని ముట్టకుండుటే మంచిదని నా అభిప్రాయము. ఆ తికమకను జయించుటయే కదా అసలు విద్య! 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన పథకము క్రింద మహిళా సంఘముల వారికి పొలములపై మందు చల్లు డ్రోనులను ఇచ్చుచున్నారు. ఆ పెద్ద యంత్రములకును మీటలు ఇవే.

కనుక కెమెరా లేనిది, రెక్కల చుట్టు కంచె గలది కొనిపెట్టితిని. విడి రెక్కలు, అదనముగా రెండు బ్యాటరీలు అడిగి మరీ తీసుకొంటిని. విడిభాగములు ఎక్కడ దొరకునో చెప్పలేని అంగడివానివద్ద కొనరాదు. తయారైన విదేశీ డ్రోనుల దిగుమతిని 2022 ఫిబ్రవరిలో మన ప్రభుత్వము నిషేధించినది గనుక, కేవలము విదేశీ పేరు చూచి మురియరాదు. 2021 నాటి నియమముల ప్రకారము 250 గ్రాములకు మించని డ్రోనును నడుపుటకు లైసెన్సు అక్కరలేదు. అట్లని ఎక్కడపడిన అక్కడ ఎగురవేయరాదు. డిజిటల్ స్కై పటములో విమానాశ్రయాదుల చుట్టు నున్న నిషిద్ధ ప్రాంతములను, నమోదు నిబంధనలను ముందే చూచుకొనవలెను. ఉబ్బిన బ్యాటరీని చార్జి చేయరాదు. రాత్రి చార్జికి పెట్టి నిద్రపోనే రాదు.

రెండవనాడే మావాని డ్రోను ఎదురింటి కొబ్బరిచెట్టు మొవ్వులో చిక్కినది. దించి చూడగా ఒక రెక్క విరిగినది. వాడు క్రొత్తది బిగించి మీట ఎత్తగానే అది నేలమీదనే పల్టీ కొట్టినది. నాలుగైదుమార్లు అదే తంతు. వాడు కన్నీళ్లపర్యంతమైనాడు. తండ్రి “చెప్పలేదా?” అన్నట్లు నావైపు చూచినాడు. నాకును ధైర్యము చెడినది. ఆ సాయంత్రము కుర్రవాడు రెక్కలన్నిటిని విప్పి నేలపై పరచి, వాని వంపులను పోల్చుచు కూర్చున్నాడు. సవ్యముగా తిరుగవలసిన చోట అపసవ్యపు రెక్కను బిగించినాడట. ఆ సంగతి వానికెవ్వరును చెప్పలేదు.

ఇప్పుడు గాలి లేవకమునుపే, తెల్లవారుజామున, తండ్రీకొడుకులిద్దరును బడి మైదానమునకు పోవుచున్నారు. మీటలు ఎవరి చేతిలో ఎక్కువసేపు ఉండవలెనన్నది నేటి తగవు.