నగర ప్రణాళిక, వారసత్వం, స్త్రీల శ్రమ

(స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వారసత్వ పరిరక్షణ అనగానే అది ఆర్కిటెక్టుల వ్యవహారం అనుకుంటాం. ఇళ్ళు కూలుతున్న బస్తీల్లో తిరిగే మనకు కమానులతో, మినార్లతో ఏం పని అనిపిస్తుంది. కానీ ఏది నిలవాలి, ఏది కూలాలి అన్నది రెండూ నగర ప్రణాళికాకర్త బల్ల మీదే తయారవుతాయి.

హైదరాబాద్‌నే తీసుకుందాం. 1995లో హుడా నిబంధనల్లో 13వ నిబంధన చేరింది. జాబితాలోని చారిత్రక కట్టడాలను, ప్రాంతాలను అనుమతి లేకుండా కూల్చరాదన్నారు. 2015 డిసెంబరులో ప్రభుత్వం దాన్ని తీసేసింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. పరిరక్షణవాదులు దీనిమీద గట్టిగానే మాట్లాడారు, మంచిదే. అయితే ఆ జాబితాలో ఉన్నది కట్టడం. దాని వెనక గదిలో పనిచేసే మనిషి లేదు.

లాడ్ బజార్ సంగతి చూడండి. అక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లక్కను వేడిచేసి, సాగదీసి, గాజుగా చుట్టడం ఒక పని. దానిమీద ఒక్కొక్క రాయీ పొదగడం ఇంకో పని. ఈ రెండోది ఎక్కువగా ఇళ్ళలో ఆడవాళ్ళు చేస్తారు. అద్దె గదే కార్ఖానా, అదే వంటిల్లు, పిల్లలు పడుకునేదీ అక్కడే. బజారు నడిచిపోయేంత దగ్గరుంటేనే ఆ కూలీ గిట్టుతుంది. ఊరి చివర ఎంత పక్కా ఇల్లిచ్చినా సరే, సరుకు తెచ్చి ఇవ్వడానికయ్యే ఆటో ఖర్చే కూలీని తినేస్తుంది. ఇదంతా ప్రణాళిక మ్యాపులో 'నివాస ప్రాంతం'. సర్వే ఫారంలో ఆమె 'గృహిణి'. అంతే!

పాతబస్తీ మెట్రో కోసం ఎం.జి.బి.ఎస్. నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఆస్తులు తీసుకుంటూ, చదరపు గజానికి 81,000 రూపాయలు నిర్ణయించి, 2025 జనవరిలో చెక్కులివ్వడం మొదలుపెట్టారు. ఆ దారి లాడ్ బజార్‌ లోపలికి రాదు. నేను చెప్పేది లెక్క కట్టే పద్ధతి గురించి. గజాల లెక్క గజాలున్నవాళ్ళకే. అద్దెకుండే స్త్రీకి గజం ఎక్కడిది?

చట్టం మాత్రం ఇంత గుడ్డిది కాదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి లేకపోయినా, అంతకుముందు మూడేళ్ళుగా అక్కడ పనిచేస్తూ ప్రధాన జీవనాధారం దెబ్బతిన్న అద్దెదార్లు, చేతివృత్తులవారు కూడా బాధిత కుటుంబాలే. వితంతువులను, విడాకులు పొందినవారిని, కుటుంబం వదిలేసిన స్త్రీలను వేరే కుటుంబంగా లెక్కించాలి. 2014 వీధి వ్యాపారుల చట్టమైతే యాభై ఏళ్ళు దాటిన సహజ మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలనీ, అక్కడి వ్యాపారులను తరలించరాదనీ చెప్పింది. కట్టడం లేకుండానే వారసత్వం! ఈ మాటలను సర్వే ఫారంలోకి తేవలసింది ప్రణాళికాకర్తే. ఆ వృత్తికి ఇది కొత్తా కాదు. వందేళ్ళ కిందటే పాట్రిక్ గెడ్డెస్ మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాల సందుల్లో నడిచి చూసి, వీలైనంత తక్కువ కూల్చి ఉన్నదాన్ని బాగుచేయమన్నాడు.

వాళ్ళు వచ్చేదాకా మనం ఆగనక్కర్లేదు. మూడేళ్ళుగా ఈ పని చేస్తోందని చూపే కాగితం ఆమె దగ్గర ఉండదు. సరుకిచ్చే సేటు చీటీ ఇవ్వడు. చేతివృత్తుల గుర్తింపు కార్డు ఆమె పేరునే తీయించండి. ఎవరికి ఎన్ని జతలు చేసిచ్చిందో తేదీతో నోటుబుక్కులో రాయించండి. రాయడం రాకపోతే ఇంట్లో బడికెళ్ళే పిల్ల రాస్తుంది. సర్వేవాళ్ళు ఇంటి యజమాని ఎవరని అడిగినప్పుడు ఆ పుస్తకం కూడా ముందు పెట్టి, దాని నకలు తీసుకున్నట్టు సంతకం అడగండి.