పైపులో ఏం వదలాలో రాశారు, దిగే మనిషిని రాయలేదు

(ఒక విశ్వవిద్యాలయ విద్యార్థుల అధ్యయన వేదికలో చేసిన ప్రసంగానికి రాతరూపం)



మురుగు కాలువల్లో జరిగే మరణాల మీద మాట్లాడమని మీ వేదిక వాళ్లు అడిగారు. నేను పర్యావరణ ఇంజినీరింగ్ పాఠాలు చెప్పేవాణ్ణి. అందుకని ఈ పూట ఒక పట్టిక గురించి మాట్లాడతాను. చాలామంది చూడని పట్టిక అది. కానీ మా ఇంటికి దానితో సంబంధం ఉంది.

మాది కోస్తా. మేము రెల్లి కులస్తులం. మా నాన్న ఒక మున్సిపాలిటీలో డ్రైనేజీ పని చేసి రిటైరయ్యాడు. ఆయన చేతికి ఎవరూ ఎప్పుడూ గ్యాస్ మీటరు ఇవ్వలేదు. మూత తీశాక లోపలికి టార్చి వేసి చూసేవాడు. గోడల మీద బొద్దింకలు తిరుగుతుంటే దిగేవాడు. అవి కదలకపోతే, అటూ ఇటూ ఉన్న మ్యాన్‌హోళ్ల మూతలు కూడా తీయించి గంటా రెండు గంటలు ఆగేవాడు. సూపర్‌వైజర్ తిట్టినా ఆగేవాడు. ఆయనతో పాటు పనిచేసిన ఒక బాబాయిని ఒకరోజు ఆగనివ్వలేదు. దిగినవాడు పైకి రాలేదు. "ఆ రోజు వాసన కూడా లేదురా" అని నాన్న చాలా ఏళ్ల పాటు అంటుండేవాడు. అది ఆయనకు అంతుపట్టని విషయం. నాకు అర్థమైంది ఎం.టెక్‌లో.

హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగితే, సుమారు 100 పీపీఎం దాటాక, ముక్కు మొద్దుబారిపోతుంది. ఇక వాసన తెలియదు. ఇంకా పెరిగి 1000 పీపీఎం దగ్గరికి వస్తే, ఒకటి రెండు ఊపిరుల్లో మనిషి కూలిపోతాడు. గాలి కంటే కొంచెం బరువు కాబట్టి అది అడుగున నిలుస్తుంది. బాబాయి దిగిన రోజు వాసన లేదంటే గ్యాస్ లేదని కాదు, మరీ ఎక్కువగా ఉందని.

ఇప్పుడు పట్టికకు వస్తాను. పర్యావరణ పరిరక్షణ నియమాలు 1986లో వచ్చాయి. వాటి ఆరో షెడ్యూలులో వ్యర్థ జలాలకు సాధారణ ప్రమాణాలు ఉన్నాయి. అందులో నాలుగు గడులు. మొదటిది నదులు, చెరువులు. రెండోది పబ్లిక్ మురుగు కాలువ. మూడోది సాగు భూమి. నాలుగోది సముద్ర తీరం. ఏ వ్యర్థం లీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చో గడి గడికీ వేరువేరుగా రాశారు.

మొదటి గడినీ రెండో గడినీ పక్కపక్కన పెట్టి చూడండి. బీఓడీ, అంటే నీటిలోని ఆక్సిజన్‌ను తినేసే సేంద్రియ వ్యర్థం, నదికి 30, మురుగు కాలువకు 350. తేలియాడే ఘనపదార్థాలు నదికి 100, కాలువకు 600. నూనె, జిడ్డు నదికి 10, కాలువకు 20. సయనైడ్ నదికి 0.2, కాలువకు 2. అంటే పది రెట్లు. సల్ఫైడ్ నదికి 2, సముద్రానికి 5. మరి మురుగు కాలువకు? అక్కడ అంకె లేదు. గీత గీసి వదిలేశారు.

బాబాయిని చంపిన గ్యాస్ పుట్టేది ఆ సల్ఫైడ్ నుంచే.

దీనికి మా ఇంజినీర్లు చెప్పే కారణం నాకు తెలుసు. నేనూ క్లాసులో అదే చెప్పాను కొన్నాళ్లు. మురుగు కాలువ చివర శుద్ధి కేంద్రం ఉంటుంది, అక్కడి సూక్ష్మజీవులు మిగతా పని చూసుకుంటాయి కాబట్టి కాలువకు కొంత సడలింపు ఇవ్వొచ్చు అన్నది ఆ లెక్క. కొన్ని పరిశ్రమలకు విడిగా ప్రమాణాలు ఉన్నాయి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కావాలంటే ఇంకా కఠినం చేయొచ్చు. అదీ నిజమే. కానీ ఆ లెక్కలో ఎవరెవరు ఉన్నారో గమనించండి. నదిలో చేప ఉంది. పొలంలో పైరు ఉంది. శుద్ధి కేంద్రంలో సూక్ష్మజీవి ఉంది. ఫ్యాక్టరీ గేటుకూ శుద్ధి కేంద్రానికీ మధ్య కిలోమీటర్ల కొద్దీ పైపులోకి దిగే మనిషి మాత్రం లేడు. సూక్ష్మజీవి చచ్చిపోతుందేమోనని ఆలోచించిన పట్టిక, మనిషి చచ్చిపోతాడేమోనని ఆలోచించలేదు.

సడలింపుకు చట్టం పెట్టిన షరతు ఒకటి ఉంది. మురుగు కాలువ జీవ ప్రక్రియతో కూడిన ద్వితీయ స్థాయి శుద్ధి కేంద్రానికి చేరితేనే రెండో గడి అంకెలు వర్తిస్తాయి. లేకపోతే నదికి పెట్టిన అంకెలే వర్తిస్తాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగునీరు పుడుతోంది. నిజంగా శుద్ధి అవుతున్నది 20,236 మిలియన్ లీటర్లు. అంటే దాదాపు 28 శాతం. మిగతా చోట్ల ఏ అధికారంతో 350 బీఓడీ వదులుతున్నారు? ఈ ప్రశ్న వేసేవాళ్లు తక్కువ.

ఒక్క ఫ్యాక్టరీల మీదికే తోసెయ్యడం నాకు ఇష్టం లేదు. మన ఇంటి మురుగులోనే సల్ఫేట్లు ఉంటాయి. నీరు కదలక, గాలి ఆడక నిలిచిపోతే బ్యాక్టీరియా వాటిని సల్ఫైడుగా మారుస్తుంది. నీరు ఎందుకు నిలుస్తుంది? హోటలు వంటగది నుంచి వచ్చిన నూనె గడ్డకడుతుంది. కట్టడాల సిమెంటు, ఇసుక దిగుతుంది. ప్యాడ్లు, ప్లాస్టిక్ అడ్డుపడతాయి. వ్యర్థాలు కాలువలో వేయకూడదని 2016 ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు చెప్పాయి. అయినా వేశాం. పైపు మూసుకుంటే గ్యాస్ పుడుతుంది, పైపు మూసుకుంటేనే మనిషిని దించుతారు. గ్యాస్ ఉన్నచోటికే మనిషిని పంపుతున్నాం అన్నమాట.

దానికి ఆమ్లం తోడైతే ఏమవుతుందో కెమిస్ట్రీ విద్యార్థులకు చెప్పనక్కర్లేదు. పీహెచ్ 7 దగ్గర నీటిలో కరిగిన సల్ఫైడులో సుమారు సగం గ్యాస్ రూపంలో ఉంటుంది. 5.5కు దిగితే దాదాపు అంతా గ్యాసే. పట్టికలో కాలువకు అనుమతించిన కనీస పీహెచ్ ఎంతో తెలుసా? 5.5. సయనైడు ఉన్న నీటికి ఆమ్లం తగిలినా విషవాయువే వస్తుంది. రెండు వేర్వేరు గేట్ల నుంచి, రెండూ అంకెల లోపలే ఉన్న నీళ్లు వచ్చి పైపులో కలిసినా ప్రమాదమే. ఆ కలిసే చోట నిలబడేది ఎవరు?

ఎవరో ప్రభుత్వ లెక్కే చెప్పింది. నమస్తే పథకం కింద 29 రాష్ట్రాల్లో, కేంద్రపాలిత ప్రాంతాల్లో గుర్తించిన సుమారు 38,000 మంది మురుగు కాలువ, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో దాదాపు 92 శాతం మంది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు. ఎస్సీలే 68.9 శాతం. 2019 నుంచి 2023 దాకా ఈ పనిలో 377 మంది చనిపోయారని పార్లమెంటుకు చెప్పిందీ ప్రభుత్వమే.

చట్టాలు లేవా? ఉన్నాయి. 2013 చట్టం ఏడో సెక్షన్ ప్రమాదకరంగా మురుగు కాలువ శుభ్రం చేయించడాన్ని నిషేధించింది. కానీ రక్షణ పరికరాలు ఇవ్వకుండా, జాగ్రత్తలు పాటించకుండా చేయిస్తేనే అది 'ప్రమాదకరం' అని నిర్వచనం. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ఈ వర్గాల వాళ్లతో మాన్యువల్ స్కావెంజింగ్ చేయించడాన్ని నేరం చేసింది. బెజవాడ విల్సన్ గారూ సఫాయి కర్మచారి ఆందోళన్ ఏళ్ల తరబడి పోరాడితే 2014లో సుప్రీంకోర్టు మృతుల కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వమంది. 2023లో బలరాం సింగ్ కేసులో దాన్ని 30 లక్షలు చేసింది. 2025 జనవరిలో హైదరాబాదుతో సహా ఆరు మహానగరాల్లో మనుషులను మురుగు కాలువల్లోకి దించడం ఆపాలని ఆదేశించింది.

ఇవన్నీ కావలసినవే. కానీ ఇవన్నీ మ్యాన్‌హోల్ మూత దగ్గర ఆగిపోతాయి. మనిషి చనిపోయాక ఎఫ్ఐఆర్ నమోదైతే, అదీ నమోదైతే, పేరు రాసేది చిన్న కాంట్రాక్టర్‌ది. మాస్కు ఇచ్చారా, తాడు కట్టారా అని అడుగుతారు. ఆ పైపులోకి ఎగువ నుంచి ఎవరు ఏం వదిలారని అడగరు. 1974 జల చట్టం 24వ సెక్షన్ ప్రకారం విషపదార్థాన్ని తెలిసి మురుగు కాలువలోకి వదలడం కూడా నిషిద్ధం. దానికి ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల దాకా జైలుశిక్ష ఉండేది. 2024 సవరణ ఆ జైలును తీసేసి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టింది. మొదట కొన్ని చోట్లే అమల్లోకి వచ్చింది, మిగతా రాష్ట్రాలు అసెంబ్లీ తీర్మానాలతో చేరవచ్చు. ప్రాణానికి 30 లక్షలు, విషానికి గరిష్ఠంగా 15 లక్షలు.

మిత్రులారా, 1923లో బొంబాయి శాసన మండలి ప్రజా జలవనరులు అందరికీ తెరవాలని తీర్మానించింది. 1924లో మహాడ్ మున్సిపాలిటీ చౌదార్ చెరువును తెరిచినట్టు తీర్మానం చేసింది. కాగితం మీద తెరుచుకున్న చెరువులో నీళ్లు ముట్టుకోవడానికి 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లాల్సి వచ్చింది. ఆ రోజు ప్రశ్న, నీళ్లను ఎవరు ముట్టుకోవచ్చన్నది. ఈ రోజు ప్రశ్న, అందరూ వాడి వదిలేసిన నీళ్లలోకి ఎవరు దిగాలన్నది. రెండింటికీ కులం ఒకే జవాబు చెబుతోంది. కాగితం తనంతట తాను నడవదని మహాడ్ మనకు నేర్పింది.

అందుకని మూడు పనులు మీ ముందు పెడుతున్నాను. ఒకటి, ఆరో షెడ్యూలులో మురుగు కాలువ గడిలో సల్ఫైడుకు అంకె రాయాలని, ఆ గడిలో ప్రతి అంకెనూ పైపులో మనిషి ఉన్నాడనుకుని మళ్లీ లెక్కించాలని అడగాలి. రెండు, ప్రతి మురుగు కాలువ మరణంలో ఎగువన నమూనాలు తీసి, 24వ సెక్షన్ కింద దర్యాప్తు చేయాలని అడగాలి. లా విద్యార్థులు ఇది చేయగలరు.

మూడోది ఈ క్యాంపస్‌లోనే. మీ ల్యాబు సింకులో పోసిన ఆమ్లం ఎక్కడికి వెళ్తోంది? హాస్టల్ మెస్ దగ్గర జిడ్డును పట్టే తొట్టి ఉందా? చివరిసారి ఎప్పుడు తీశారు? క్యాంపస్ మురుగు పైపు మూసుకుంటే కాంట్రాక్టర్ ఎవరిని పంపుతాడు, యంత్రాన్నా, మనిషినా? సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. జవాబు రాకపోతే అప్పీలు చేయండి.

నేను మా డిపార్టుమెంటు ల్యాబులో ఈ ప్రశ్న మొదటిసారి అడిగింది ఉద్యోగంలో చేరిన ఆరేళ్లకు. అప్పటిదాకా నేనూ సింకులోనే పోశాను, నీళ్లు వదిలి చేతులు కడుక్కున్నాను. మా నాన్న కొడుకుని నేను. అయినా పైపు అవతల మనిషి ఉంటాడని నాకే గుర్తు రాలేదు. మీరు ఆరేళ్లు ఆగకండి.

జై భీమ్.