గుండెలయ మందులు – గుండెకణముల మనుగడ

(ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సంఘసభ్యుల యెదుట గావించిన ఉపన్యాసము)



వైద్యవిషయమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను కొంత సంకోచించితిని. నేను వైద్యుడను గాను. జీవితమంతయు దస్త్రముల నడుమ గడపి పింఛను పుచ్చుకొనుచున్నవాడను. అయినను గుండెలయను సరిచేయు మాత్రలను ఆరేండ్లుగా మ్రింగుచున్నాను. ఆ మాత్ర లోపలికి పోయి ఏమి చేయుచున్నదో వైద్యులనడిగియు, గ్రంథములు చదివియు తెలిసికొన్నంత మేరకు మీకు నివేదించుచున్నాను.

ఈ విషయము మనకు దూరమైనది కాదు. మన పేటకు ఆనుకొనియున్న కరోల్‌బాగ్‌లో తిబ్బియా కళాశాల కలదు. హకీం అజ్మల్‌ఖాన్‌గారి కృషిఫలమగు ఆ కళాశాలను 1921లో గాంధీమహాత్ముడు ప్రారంభించెను. అచ్చటి పరిశోధనాలయమున సలీముజ్జమాన్ సిద్దిఖీ అను రసాయనశాస్త్రజ్ఞుడు సర్పగంధ వేరునుండి ఒక ఆల్కలాయిడును వేరుచేసి, 1931లో ప్రకటించి, హకీంగారి పేర దానికి 'అజ్మలీన్' అని నామకరణము చేసెను. తరువాత అది ఐరోపాలో గుండెలయ మందుగా వాడుకలోనికి వచ్చినది. నేడు దానికి మరియొక ఉపయోగము కూడ కలదు. బ్రుగాడా వ్యాధి కొందరిలో గుప్తముగా నుండును. వైద్యుని యెదుట, తగిన జాగ్రత్తలతో, అజ్మలీన్‌ను నరములోనికెక్కించినచో ఆ దోషము ఇ.సి.జి.లో బయటపడును. లయను దిద్దు మందే దోషమును రేపి చూపగలదన్నమాట! ఈ మందుల స్వభావమంతయు ఇందులోనే యున్నది.

గుండె దినమునకు సుమారు లక్షసార్లు కొట్టుకొనును. గుండెకణపు పొరలో సోడియమునకు, కాల్షియమునకు, పొటాషియమునకు వేర్వేరు ద్వారములు కలవు. సోడియం లోనికి వచ్చినప్పుడు విద్యుత్తరంగము పుట్టును. కాల్షియం వచ్చినప్పుడు కండ ముడుచుకొనును. పొటాషియం బయటికి పోయినప్పుడు కణము మరల సిద్ధమగును. లోనికి వచ్చిన లవణములను బయటికి తోడివేయుటకు కణమునకు శక్తి కావలెను. ఆ శక్తికి నాణెము ఏ.టి.పి. అను పదార్థము. హార్వర్డులో ఫిస్కేతో కలసి కండరములలో ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఏ.టి.పి.ని 1929లోను ప్రకటించినవాడు మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే యని చెప్పుకొనుట మనకు గర్వకారణము.

రక్తము అందనప్పుడు ఏ.టి.పి. తరిగిపోవును, తోడివేత ఆగిపోవును, సోడియమును, దాని వెంట కాల్షియమును కణములో పేరుకొనును. తుదకు కణము చచ్చును. చచ్చిన దాని స్థానమున క్రొత్తది పుట్టుట మిక్కిలి అరుదు. యౌవనమున సైతము ఏటికి నూటికొక్క కణము మాత్రమే మారుననియు, వార్ధక్యమున అందు సగముకూడ మారదనియు శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. కావున ఉన్న కణములను కాపాడుకొనుటయే మనకు గతి.

గుండెలయ మందులను స్థూలముగా నాలుగు తెగలుగా విభజింతురు. మొదటి తెగ సోడియం ద్వారములను మూయును, అజ్మలీన్ ఇందులోనిదే. రెండవది బీటా బ్లాకర్లు. ఇవి అడ్రినలిన్ ధాటిని తగ్గించును. మూడవది పొటాషియం ద్వారములపై పనిచేయును. నాలుగవది కాల్షియం ద్వారములపై పనిచేయును.

లయ సరియైనచో కణములు కూడ క్షేమముగా నున్నట్లేనా? ఒకప్పుడు వైద్యలోకము అట్లే నమ్మెను. గుండెపోటు వచ్చిన తరువాత అదనపు తప్పుదెబ్బలు పడువారికి మరణభయము అధికము. కనుక ఆ దెబ్బలను అణచినచో ప్రాణము నిలుచునని తలచిరి. అమెరికాలో 'కాస్ట్' అను పరీక్షలో మొదటి తెగకు చెందిన ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అను మందులను ఇచ్చి చూచిరి. తప్పుదెబ్బలు చక్కగా అణగినవి. ఇ.సి.జి. చూచిన వైద్యుడు సంతోషింపవలసినదే! కాని 1989లో ఆ మందులను నడుమనే ఆపివేయవలసివచ్చెను. మందు పుచ్చుకొన్న 755 మందిలో 63 మంది మరణించిరి. మందులేని మాత్ర పుచ్చుకొన్న 743 మందిలో మరణించినవారు 26 మంది మాత్రమే. దెబ్బతిన్న కండలో సోడియం ద్వారములను మూసినచో విద్యుత్తరంగము మందగించి సుడులు తిరుగుటకు అవకాశమేర్పడును; కండ బిగువును తగ్గును. కాగితముపై గీత చక్కబడినది గాని మనిషి దక్కలేదు. ఫ్లెకైనైడ్ నేటికిని ఉపయోగమందున్నది. అయితే గుండెకండ బాగుగానున్నవారికే దానినిత్తురు.

రెండవ తెగ కథ వేరు. గుండెపోటు తరువాత ప్రొప్రనలాల్ ఇచ్చి చూచిన పరీక్షాఫలితములు 1981లో వెలువడినవి. ఉత్తమాత్ర వారిలో నూటికి 9.8 మంది మరణింపగా మందు పుచ్చుకొన్నవారిలో 7.2 మంది మరణించిరి. దీనికి హేతువు కణములోనే కలదు. అడ్రినలిన్ వంటి ద్రవములు మితిమీరి చిరకాలము కొరడా ఝళిపించినచో కణములో కాల్షియం పెరిగి, శక్తి వ్యయమై, కణమునకు చేటు కలుగును. అదియునుగాక ఎడమగుండె కండకు రక్తము ముఖ్యముగా అది సడలియున్న సమయమున అందును. వేగము హెచ్చినకొలది ఆ విరామము తగ్గును. నెలల తరబడి అతివేగముగా కొట్టుకొన్న గుండె బలహీనమగుటయు, వేగము తగ్గించిన పిమ్మట చాలమందిలో తేరుకొనుటయు వైద్యులకు అనుభవమే. బీటా బ్లాకరు కణమునకిచ్చునది విశ్రాంతి.

ఇచ్చట నా తప్పును ఒప్పుకొనవలెను. ఒకయేడు నాడి నెమ్మదిగానున్నది కదాయని ఎవరితోను చెప్పకుండ ఈ మాత్రలను మానితిని. మూడునాళ్లు సుఖముగనే గడచెను. నాలుగవ రాత్రి గుండె దడదడలాడి, రొమ్ము బిగిసి, ఇరుగుపొరుగువారు నన్ను ఆసుపత్రికి మోసికొనిపోయిరి. మందు చాటుననున్నంత కాలము కణములు అడ్రినలిన్‌కు మరింత సున్నితమైయుండును. చాటు హఠాత్తుగా తొలగినచో ఆ ధాటి రెట్టింపుగా తగులునని వైద్యుడు మందలించెను. ఆనాటినుండి నేను స్వంతవైద్యము మానితిని.

మూడవ తెగలో చేర్చు అమియోడరోన్ మొండిలయలను లొంగదీయగలది. కాని అందు అయొడిన్ కలదు. శరీరమున నెలల తరబడి నిలుచును. థైరాయిడును, ఊపిరితిత్తులను, కాలేయమును కనిపెట్టియుండవలెను. నాలుగవ తెగలోని వెరాపమిల్ కొందరికి మేలు. కండ బలహీనమైనవారికి కీడు.

కావున నా మనవి ఇంతే. పొరుగువారికి సరిపడిన మాత్ర మీకు సరిపడునని తలపవలదు. నాడి కుదుటబడెనని మాత్రను మానవలదు. పాతమందులన్నిటి పేర్లను ఒక కాగితముపై వ్రాసికొని వైద్యునకు చూపుడు. "నా లయ సరియైనదా?" అని మాత్రమే కాక, "నా గుండెకండ ఎట్లున్నది? ఈ మందు దానికి తగునా?" అనియు అడుగుడు. మన మెవ్వరము ఇ.సి.జి. గీతను చక్కగానుంచుటకు మందు మ్రింగుటలేదు. ఇంటివారితో మరికొన్ని సంక్రాంతులు గడుపుటకు మ్రింగుచున్నాము.