కట్టెల బాయిలరు – కాచిన నీళ్లు
(కేతేపల్లిలో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన వాకిళ్లలో కట్టెల బాయిలర్లు ఇంకా అక్కడక్కడ కనిపిస్తవి. రాగి పాత్ర నడుమ పొగగొట్టం, దాని చుట్టూ నీళ్లు, అడుగున నాలుగు కందికట్టెలు. మంట గొట్టంలోంచి పైకి పోతూ నీటిని కాస్తుంది గనుక కాగు కిందికన్నా తక్కువ కట్టె పడుతుంది. ఆరుబయట చాయకు వాడే ఐర్లండు కెల్లీ కెటిలుదీ ఇదే పద్ధతి.

మూడు జాగ్రత్తలు మనవి చేస్తాను. నీళ్లు నింపిన తర్వాతే నిప్పు పెట్టాలి. లేకుంటే అతుకులు ఊడిపోతవి. ఆవిరి పోయే దారి మూయరాదు. చలి అని స్నానాల గదిలోకి తెచ్చి తలుపు వేయరాదు. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

ఇక తాగునీరు. నీళ్లు మసలకాగితే క్రిములు చస్తవి గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 1970లలో నాగపూరు 'నీరి' సంస్థవారు పటిక, సున్నంతో ఫ్లోరైడు తగ్గించే పద్ధతి రూపొందించారు. దానికి నల్లగొండ పద్ధతి అని మన జిల్లా పేరే వచ్చింది.

2016లో మిషన్ భగీరథ ప్రారంభమైంది. తాగడానికి, వంటకు ఆ నల్లా నీళ్లే వాడండి. బోరు నీళ్లు బాయిలరులో పోసి స్నానానికి ఉంచండి. పిల్లల పళ్లపై పడ్డ గార, వంగిన ఎముక ఎంత కాచిన నీళ్లతోనూ తిరిగి బాగుపడవు.